తెఱచి చూపిన తాళము

మా మేనత్తగారు క్రొత్తగా కాపురమునకు వెళ్లిన దినములలో, పుట్టింటినుండి ఆమెకు వచ్చు ఉత్తరములు మొదట మామగారి చేతిలో పడుచుండెడివి. ఆయన కవరును ఆవిరికి చూపి మెల్లగా విప్పి, చదువుకొని, మఱల నంటించి లోనికి పంపెడివారు. ఆయన దుర్మార్గులు కారు. కోడలి యుత్తరము కోడలిదే యను తలంపు ఆ యింట నెవ్వరికిని కలుగలేదు, అంతియే. మా నాయనమ్మకు అక్షరజ్ఞానము స్వల్పమేగాని యుక్తికి కొఱత లేదు. ఆమె కవరును అన్నపు మెతుకుతో నంటించి, అంటించిన యంచుపై కుంకుమతో సన్నని గీత గీయుచుండెడిది. గీత కలిసియున్నచో ఉత్తరము భద్రముగా వచ్చినట్లు. చెదరియున్నచో లోపలి మాటలను వేఱొకరు చదివినట్లు. చెదరిన యుత్తరములకు మేనత్త వ్రాసిన జవాబులలో అందఱమును క్షేమమను మాట తప్ప వేఱేమియు నుండెడిది కాదు. ఆ యింట ఆమె పడిన కష్టములు మాకు తెలియుటకు పదునాలుగేండ్లు పట్టెను.

ఈ యుక్తి మా నాయనమ్మకు మాత్రమే తోచినది కాదు. 1844లో లండను నగరమున ప్రవాసియైయుండిన ఇటలీ దేశభక్తుడు మాజినీ, తన యుత్తరములను ఎవరో విప్పుచున్నారని శంకించి, తనకు వచ్చు ఉత్తరములలో గసగసాలు, ఇసుక రేణువులు, తలవెండ్రుకలు పెట్టించి పరీక్షించెను. ఉత్తరములు చేరెను, గింజలు చేరలేదు. ఆ జూను మాసమున పార్లమెంటు సభ్యుడైన థామస్ డన్‌కూంబు ఈ ఫిర్యాదును సభ ముందుంచగా, హోం మంత్రి సర్ జేమ్స్ గ్రాహము వారంటు నిచ్చిన మాట నిజమేయని తేలెను. దేశమంతయు అట్టుడికిపోయెను. కార్లైలు పండితుడు టైమ్సు పత్రికకు లేఖ వ్రాసి, మూసిన యుత్తరమును విప్పుట జేబులు కొట్టుటకు దగ్గఱి చుట్టమని నిందించెను. పంచ్ అను హాస్యపత్రిక మంత్రిని వెక్కిరించుచు, కవర్ల కంటించు బిళ్లలను ప్రకటించెను. తుదకు తపాలాశాఖలోని రహస్య విభాగము మూతపడినది గాని, వారంటు నిచ్చు అధికారము మాత్రము మంత్రికి అట్లే మిగిలిపోయెను.

మన దేశమున నీ యధికారము చట్టరూపముననే వచ్చినది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టమును, 1898 నాటి పోస్టాఫీసు చట్టమును ప్రభుత్వమునకు సందేశములను అడ్డగించు హక్కు నొసగినవి. తెల్లవారు పోయినను ఆ హక్కు పోలేదు. ఆ పాతచట్టముల స్థానమున 2023లో చేయబడిన క్రొత్త చట్టములు సైతము దానిని నిలుపుకొన్నవి. అయినను ఈ కథలో తెలుగువారు గర్వింపదగిన ఘట్టమొకటి కలదు. దానిని చెప్పక ముందునకు సాగలేను.

ఉత్తర ప్రదేశమున ఖడక్ సింగు అను నాతనిపై 1941లో దోపిడి నేరము మోపబడెను. సాక్ష్యము లేక విడువబడెను. అయినను పోలీసులు ఆతని పేర హిస్టరీ షీటు నొకటి తెఱచి, రాత్రివేళల వచ్చి తలుపు తట్టి, ఇంట నున్నాడో లేడో చూచుకొని పోవుచుండిరి. ఆతడు సుప్రీముకోర్టు కెక్కెను. 1962లో న్యాయమూర్తులు ఆఱుగురు తీర్పు చెప్పిరి. రాత్రి తలుపు తట్టుట చెల్లదని యెల్లరును ఒప్పుకొనిరి. కాని ఏకాంతహక్కు మన రాజ్యాంగములో లేదని యెక్కువమంది యనిరి. భిన్నాభిప్రాయము వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. షాగారు వారితో నేకీభవించిరి. ఏకాంతత వ్యక్తిస్వేచ్ఛలో ముఖ్యభాగమనియు, పోలీసుల ఆ నిబంధన మొత్తముగా చెల్లదనియు సుబ్బారావుగారి యభిప్రాయము. అది ఐదున్నర దశాబ్దములు అల్పసంఖ్యాకుల మాటగనే యుండిపోయినది. 2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధార్ విషయమై దావా వేయగా, అట్టి హక్కు లేనే లేదని ప్రభుత్వము 1954, 1962 నాటి తీర్పులను చూపి వాదించినది. కృష్ణా జిల్లా వారైన జాస్తి చలమేశ్వర్ గారి ధర్మాసనము 2015లో ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనమునకు నివేదించినది. 2017 ఆగస్టు 24వ తేదీని తొమ్మండుగురు న్యాయమూర్తులు, వారిలో చలమేశ్వర్ గారును ఒకరు, ఏకగ్రీవముగా ఏకాంతహక్కు మూలహక్కేయని నిర్ణయించిరి. సుబ్బారావుగారి మాట అట్లు శాసనమయ్యెను.

చట్టము ఘనమైనదే. అయినను అది మా నాయనమ్మ కుంకుమ గీతవంటిది. ఉత్తరమును విప్పిన పిమ్మట దోషిని చూపును, విప్పకుండ ఆపలేదు. పైగా నేటి ఉత్తరము కాగితము కాదు. అది మనచేతి ఫోనునుండి బయలుదేరి, ఏదో కంపెనీవారి గిడ్డంగిలో నకలుగా నిలిచి, అటుపై చేరవలసినచోట చేరును. ఆ కంపెనీ సిబ్బందికి దయ యున్నంతకాలము అది భద్రము. కనుక చట్టముతోపాటు తాళమును కావలెను. తాళమనగా ఇచట గూఢలిపి: వ్రాసిన మాటలను గణితముచేత కలచివేసి, తగిన తాళపుచెవి గలవానికే మఱల మాటలుగా కనిపించునట్లు చేయు విద్య. ఆ తాళమును మనకు చేసియిచ్చువారెవరు? అది గట్టిదని మనకెట్లు తెలియును? నేను చెప్పదలచిన చరిత్ర యీ రెండు ప్రశ్నల చరిత్రయే.

సామాన్యముగా నందఱికిని తోచునది యేమనగా, తాళము చేయు విధము రహస్యముగా నున్నప్పుడే అది గట్టిదని. దొంగకు లోపలి పొందిక తెలిసిన పిమ్మట ఇంకేమి మిగులును? ఈ నమ్మకమును తలక్రిందులు చేసినవాడు సైనికుడు కాడు, భాషలు బోధించు నొక పంతులు. ఆగస్టు కెర్‌ఖోఫ్సు హాలండు దేశమున పుట్టి పారిసు నగరమున జర్మను భాష బోధించుచుండెను. వోలాపుకు అను కృత్రిమ ప్రపంచభాషను వ్యాపింపజేయుటలో కొంతకాలము తలమునుకలైయుండెను. 1883లో నాతడు సైనిక గూఢలిపిని గూర్చి ఫ్రెంచి పత్రిక యొకదానిలో వ్యాసము ప్రకటించి ఆఱు నియమములు చెప్పెను. వానిలో రెండవది యిది: పద్ధతి రహస్యముగా నుండనవసరము లేదు, అది శత్రువు చేతిలో పడినను హాని కలుగరాదు. రహస్యమంతయు తాళపుచెవిలోనే యుండవలెను.

దీనిలోని యుక్తి మన వీథి తలుపులకే వర్తించును. మనము బజారున కొన్న తాళమువంటివి దేశమున లక్షలుండును. దొంగయు నొకటి కొని, ఇంట కూర్చుండి, మేకు మేకు విడదీసి చూచుకొనవచ్చును. అయినను మన చెవి లేక మన తలుపు తెఱువలేడు. తాళపుచెవి పోయినచో మార్చుకొందుము. చేయు విధమే రహస్యమైన తాళమున కట్లు కాదు. ఆ విధము ఒక్కమారు బయటపడెనా, దేశములోని తలుపులన్నియు ఒక్క రాత్రిలో తెఱచుకొనును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. అందఱు చూడగల తాళములో లోపమున్న, శత్రువుకంటె ముందుగా మిత్రుడు కనిపెట్టి చెప్పుట కవకాశముండును.

ఇక తాళపుచెవి సంగతి. కెర్‌ఖోఫ్సు కాలమున ఉత్తరము వ్రాయువానికిని చదువువానికిని ఒకే చెవి యుండవలసియుండెను. దానిని ముందుగా చేర్చుటెట్లు? రాయబారులు, సైన్యములు దూతలచేత పంపుకొనవచ్చును. పుట్టింటికి వ్రాయు కోడలెట్లు పంపును? 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అను నిరువురు ఈ ముడి విప్పిరి. మఱుసటి యేడు ఎంఐటీ విద్యాలయములో రివెస్టు, షమీరు, ఆడిల్‌మన్ అను మువ్వురు దానికి పనికివచ్చు గణితరూపమును కల్పించిరి. దానిని ఇట్లూహింపవచ్చును. నేను నొక్కిన పడిపోవు తాళములను ఊరంతయు పంచిపెట్టుదును. ఎవరైనను పెట్టెలో ఉత్తరముంచి నా తాళమును నొక్కి పంపవచ్చును. నొక్కుటకు చెవి యక్కఱలేదు. తెఱచుటకు చెవి యొక్కటే; అది నాయొద్దనే యుండును.

ఆ మువ్వురి పద్ధతి 1977 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నరు శీర్షికయందు అచ్చుపడినది. 129 అంకెల సంఖ్య నొకదాని నిచ్చి, దానితో మూసిన సందేశమును విప్పినవారికి నూఱు డాలర్ల బహుమానమనియు ప్రకటించిరి. లోకమంతయు ప్రయత్నింపుడని తాళమును వీథిలో వ్రేలాడగట్టుటయే యిది. విప్పుటకు కోట్లకొలది యేండ్లు పట్టునని వారి లెక్క. నిజమునకు పదునేడేండ్లకే, 1994లో, ఇంటర్నెట్టు ద్వారా కూడిన సుమారు ఆఱువందలమంది తమ కంప్యూటర్లను కలిపి కొలది మాసములలో విప్పిరి. గెలిచినవారు ఆ నూఱు డాలర్లను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను అను సంస్థకు దానము చేసిరి. ఆ సంస్థను గూర్చి ముందు చెప్పెదను. అంకెలు పెంచినచో తాళము గట్టిపడును. ఎన్ని యంకెలు చాలవో లోకమునకు తెలిసినది. బహిరంగ పరీక్షకు ఫలమిదియే.

ఇచట నొక విషాదకథయు కలదు. ఇదే విద్యను ఆంగ్ల ప్రభుత్వపు గూఢచారశాఖలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్సు, మాల్కం విలియంసన్ అనువారు 1970-74 మధ్యనే కనుగొనియుండిరి. వారి కాగితములు బీరువాలో పడియుండెను. ప్రభుత్వము ఆ సంగతిని 1997 డిసెంబరులో వెల్లడించినది. ఎల్లిసుగారు అంతకు కొలది దినములముందే నవంబరులో మరణించిరి. తన యూహ లోకమును మార్చుచుండగా చూచుచు, నాదని చెప్పుకొనుట కధికారము లేక ఆ వృద్ధుడెన్ని యేండ్లు గడిపెనో!

విద్య పుట్టినది. అయినను అది పండితుల వ్యాసములలోను, ధనికసంస్థల యంత్రములలోను ఉండెను గాని ఇల్లిల్లు చేరలేదు. చేర్చినవాడు ఫిల్ జిమ్మర్‌మన్. కొలరాడో రాష్ట్రమున బోల్డరు పట్టణవాసి; అణ్వాయుధములకు ప్రతికూలముగా పనిచేసి చెఱకు వెళ్లినవాడు. 1991లో అమెరికా సెనేటులో ఒక బిల్లు వచ్చెను. సందేశములను మోయు సంస్థలు ప్రభుత్వమడిగినప్పుడు వానిని తేటమాటలలో నిచ్చుట కనువుగా యంత్రములు చేయవలెనని దానిలో నొక వాక్యముండెను. ఇది చట్టమగుటకు ముందే జనుల చేతిలో తాళముంచవలెనని జిమ్మర్‌మన్ తొందరపడెను. ఇంటి యప్పు వాయిదాలు తప్పినను లెక్కింపక పనిచేసి, జూను మాసమున పీజీపీ అను కంప్యూటరు ప్రోగ్రామును ఉచితముగా లోకము మీదికి వదలెను. ఆ పేరులోని అక్షరములకు 'బాగానే పనిచేయు నేకాంతము' అని యర్థము; ఇంతకంటె వినయమైన బిరుదు ఏ తాళమునకును నేనెఱుగను.

వినయము మంచిదే యయ్యెను, ఏలయనగా ఆ తొలితాళము బలహీనమైనది. దానిలోని ముఖ్యభాగమును జిమ్మర్‌మన్ స్వయముగా కల్పించి 'బాస్-ఓ-మాటిక్' అని పేరిడెను. ఆ యేటనే గూఢలిపి పండితుల సభకు పోయినప్పుడు, భోజనపు బల్ల యొద్ద ఇజ్రాయేలు దేశీయుడైన ఎలీ బీహాము దానిని పరిశీలించి, కొలది నిమిషములలో లోపము వెంట లోపము చూపెను. మఱియొకడైనచో సిగ్గుచే తాళపు పొందికను దాచియుండును. జిమ్మర్‌మన్ తన కల్పనను పారవేసి, 1992 సెప్టెంబరులో విడుదలచేసిన రెండవ కూర్పులో స్విట్జర్లాండు పండితులు ప్రకటించి, పలువురు పరీక్షించిన వేఱొక పద్ధతిని పెట్టెను. అంతతో ఊరకుండక ఆ ప్రోగ్రాముతోడి పత్రములోనే తన మూర్ఖతను తానే వ్రాసికొనెను: కళాశాలలో నుండగా తానొక అద్భుత గూఢలిపిని కనుగొంటినని మురిసితిననియు, కొన్నియేండ్లకు అదే పద్ధతి పాఠ్యపుస్తకములో విద్యార్థులు విడగొట్టవలసిన అభ్యాసముగా కనబడెననియు. తన తాళమును తాను విప్పలేకపోవుట అది గట్టిదనుటకు సాక్ష్యము కాదని ఇంత నిజాయితీగా చెప్పిన తాళపువాడు అరుదు.

ప్రభుత్వము వేఱుగా తలచెను. నాటి అమెరికా చట్టములో బలమైన గూఢలిపి ఫిరంగులతో, తుపాకులతో సమానమగు యుద్ధసామగ్రి. ఇంటర్నెట్టులో నుంచినది సరిహద్దు దాటకమానదు. కనుక 1993లో నాతనిపై నేరవిచారణ మొదలయ్యెను. మూడేండ్లు నడిచెను. ఆ నడుమ 1995లో ఎంఐటీ ముద్రణాలయమువారు చేసిన పని న్యాయశాస్త్ర చరిత్రలో చమత్కారమైనది. పీజీపీ సోర్సు కోడును, అనగా యంత్రమునకు ఆజ్ఞలుగా మనుష్యుడు వ్రాసిన మూలపాఠమును, మొదటినుండి తుదివఱకు లావుపాటి పుస్తకముగా అచ్చువేసి అంగడిలో పెట్టిరి. ప్రోగ్రాము యుద్ధసామగ్రి యైనచో ఈ పుస్తకమేమి? పుస్తకమును ఎగుమతి చేయరాదన్నచో వారి రాజ్యాంగములోని వాక్‌స్వాతంత్ర్యమేమగును? 1996 జనవరిలో విచారణ నిలిపివేయబడెను, నేరము మోపబడలేదు. ఆ మార్గముననే మఱుసటి యేడు క్రొత్త కూర్పు ఆఱువేల పుటలకు మించిన సంపుటములుగా అచ్చై సముద్రము దాటినది. ఐరోపాలో డెబ్బదిమందికి పైగా వలంటీర్లు, నార్వే దేశీయుడొకడు నాయకుడుగా, పుటపుటయు యంత్రముచే చదివించి, అచ్చుతప్పులు దిద్ది, మఱల కంప్యూటరు కెక్కించిరి. తాళపత్రములనుండి కాగితమునకు ఎక్కించిన మన లేఖకుల యోపిక నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది, తేడా యేమనగా వీరు కాగితమునుండి విడిపించుచుండిరి.

దీనికి సమకాలమున ప్రభుత్వమువారును నొక తాళము చేసిరి. 1993 ఏప్రిలులో ప్రకటింపబడిన క్లిప్పరు చిప్పు టెలిఫోను మాటలను కలచివేయును. ప్రతి చిప్పునకును మాఱుచెవి ప్రభుత్వమువద్ద నుండును. లోపలి పద్ధతి మాత్రము రహస్యము. నమ్ముడనిరి. మఱుసటి యేడు మాట్ బ్లేజ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాఱుచెవి యేర్పాటునే మోసగింపవచ్చునని చూపెను. కొనువారు లేక 1996 నాటికి ఆ చిప్పు కథ ముగిసెను. ప్రభుత్వమునకు ఈ దెబ్బ పాఠము నేర్పెనేమో, 1997లో క్రొత్త జాతీయ గూఢలిపికై లోకమునంతటిని పోటీకి పిలిచిరి. పదునైదు పద్ధతులు రాగా, ఒకరి తాళమును ఒకరు బహిరంగముగా విఱుగగొట్ట యత్నించుచుండగా, 2000లో బెల్జియము యువకు లిరువురి పద్ధతి గెలిచెను. నేడు మన బ్యాంకులు, ఫోనులు వాడునది అదియే.

అయినను గణితము బహిరంగమైనంత మాత్రాన పని తీఱదు. ఆ గణితమును యంత్రములో నాటిన ప్రోగ్రాము మూయబడియున్నచో, మంచి తాళపు బొమ్మను చూపి వేఱొకటి తలుపునకు పెట్టవచ్చును. ఇచట రిచర్డ్ స్టాల్‌మన్ కథ వచ్చి కలియును. ఎంఐటీ ప్రయోగశాలలో 1980 ప్రాంతమున క్రొత్త ముద్రణయంత్ర మొకటి కాగితములు ఇఱుక్కొని మాటిమాటికి ఆగుచుండెను. దాని సోర్సు కోడున్నచో తాను సరిచేయగలడు. అది యున్నవాని నడుగగా, ఎవ్వరికి నీయనని సంతకము చేసితిననెను. ఈ చిన్న యవమానమునుండి 1983లో గ్నూ అను నుద్యమమును, 1985లో పైన చెప్పిన ఫౌండేషనును, 1989లో గ్నూ లైసెన్సును పుట్టినవి. ప్రోగ్రామును ఎవరైనను నడుపవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. పంచునపుడు పొందినవానికిని అవే హక్కు లీయవలెను. 1997లో స్టాల్‌మన్ జర్మనీకి వచ్చి, అమెరికా ఎగుమతి చట్టము మిమ్ము కట్టదు గదా, పీజీపీకి బదులు స్వేచ్ఛాప్రోగ్రామును మీరు వ్రాయుడని పిలుపునీయగా, వెర్నర్ కోఖ్ అను నాతడు విని, ఆ డిసెంబరుననే జీఎన్‌యూపీజీ తొలి కూర్పును విడుదల చేసెను. 2013లో అమెరికా గూఢచారశాఖ లోకముపై నిఘా పెట్టిన వైనమును బయటపెట్టిన స్నోడెను, విలేకరులతో మాటాడుటకు దీనినే నమ్ముకొనెను. అయితే మొదట నాతడు వ్రాసిన విలేకరి, దీనిని పెట్టుకొనుట కష్టమని వాయిదా వేయుచుండుటచే, ఆ మహావార్త కొన్ని మాసములు ఆగిపోయినదట! తాళము గట్టిదైనంత చాలదు, సామాన్యుని చేతికి తిరుగవలెను. స్వేచ్ఛాసాఫ్ట్‌వేరువారు ఈ విషయమున చేసిన యశ్రద్ధను నేను క్షమింపజాలను.

అదే యేట తాళపుచెవి యెవరి యింట నుండవలెనను ప్రశ్నకు జవాబు దొరికెను. టెక్సాసు రాష్ట్రమున లాడార్ లెవిసన్ 2004నుండి లావాబిట్ అను ఈ-మెయిలు సంస్థను నడుపుచుండెను. దానికి నాలుగు లక్షలకు పైగా ఖాతాదారులుండిరి. స్నోడెను వారిలో నొకడు. ప్రభుత్వము ఒక్కని యుత్తరముల వివరములకై వచ్చి, తుదకు సంస్థయొక్క ముఖ్యమైన తాళపుచెవినే కోరెను. దానితో నందఱి యుత్తరములును తెఱచుకొనును. న్యాయస్థానము ఈయవలసినదేయనగా, లెవిసన్ ఆ చెవిని పదునొకండు కాగితములమీద కంటికి ఆననంత చిన్న యక్షరములలో అచ్చువేసి సమర్పించెను. న్యాయాధిపతికి ఈ పరిహాసము నచ్చలేదు. కంప్యూటరు చదువగల రూపమున నిచ్చువఱకు దినమునకు 5000 డాలర్ల జుల్మానా విధించెను. లెవిసన్ చెవి నిచ్చి, 2013 ఆగస్టు 8న సంస్థనే మూసివేసెను. ఎవనికొఱకు ఇదంతయు జరిగెనో చెప్పుటకైన నాతనికి అనుమతి లేదు. 2016లో ప్రభుత్వపు పత్రములలో పేరు కొట్టివేయుట మఱచుటచే అది బయటపడెను. యజమాని సత్పురుషుడే. అయినను నాలుగు లక్షల యిండ్ల చెవులు ఒక్క గుత్తిగా ఒక్కచోట నుండుటయే ఆపదకు మూలము.

ఈ యాపదను ముందే ఊహించినవాడు కొలంబియా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్రాచార్యుడు ఎబెన్ మోగ్లెన్. 2010 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరమున ఉపన్యసించుచు, అఱచేతిలో పట్టునంత చౌకయంత్రమును గోడకు తగిలించి, మన యుత్తరములు, ఫోటోలు, పరిచయములు మన యింటనే నిలుపుకొనవచ్చునని చెప్పెను. ఫ్రీడంబాక్సు అను ప్రయత్నము దానినుండి పుట్టినది. నెక్స్ట్‌క్లౌడ్ వంటి మఱికొన్నియు తర్వాత వచ్చినవి. వానిని ఎవరైనను ఉచితముగా దింపుకొని, పాత కంప్యూటరుమీదనైనను నడుపవచ్చును. నేనును మూడేండ్లక్రిందట మా యింటి గూటిలో నట్టి పెట్టె నొకటి పెట్టితిని. మనుమల ఫోటోలు, కుటుంబ లెక్కలు, మేనత్తగారి పాత యుత్తరముల ప్రతులు దానిలోనే యున్నవి. వేసవిలో కరెంటు పోయినప్పుడు అదియు పోవును. ఈ-మెయిలును సైతము ఇంటినుండియే పంపజూచితిని గాని, ఒక పెద్ద సంస్థవారు నా యుత్తరములను అనుమానించి చెత్తబుట్టలో వేయుచుండుటచే, బంధువులకు శుభలేఖయే చేరలేదు. ఆ పని మానుకొంటిని. ప్రతి మాసము క్రొత్త కూర్పులు వేసికొనుటయు, నకళ్లు వేఱొకచోట దాచుటయు తప్పవు. మా కోడలు ఆ పని నాకంటె బాగుగా నేర్చినది. అద్దెయింటికంటె సొంతయింట మరమ్మతు లెక్కువ.

దొంగలును, దుర్మార్గులును ఈ తాళములనే వాడుదురు గదా యని కొందఱందురు. నిజమే. దానికి నా జవాబు మేనత్తగారి పదునాలుగేండ్లే. అంతకంటె బరువైన యాక్షేపణ వేఱొకటి కలదు. అందఱు చదువవచ్చుననినంత మాత్రాన ఎవరైనను చదువుచున్నారా? 2012లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను ప్రోగ్రాములో చేరిన యొక తప్పు, లోకములోని వెబ్ సర్వర్లలో పెక్కింటి జ్ఞాపకములోని రహస్యములను చీకటిలో కార్చివేయుచు, 2014 ఏప్రిలువఱకు లోకమునకు తెలియలేదు. మహాసంస్థలన్నియు దానిపై నాధారపడియుండగా, దానికి వచ్చు చందా యేటికి సుమారు రెండువేల డాలర్లు! కోఖ్ గారి గతియు నంతియే. ఆయన దాదాపు ఒంటరిగా లోకపు తాళమును సవరించుచు, డబ్బు కడముట్టి విడిచిపెట్టు స్థితికి వచ్చిన సంగతి 2015 ఫిబ్రవరిలో పత్రికలో పడిన పిమ్మట చందాలు వెల్లువెత్తెను. ఏటికి యాభైవేల డాలర్ల చొప్పున నిచ్చెదమన్నవారిలో, మన సంగతులను చదివి ధనమార్జించు ఫేస్‌బుక్కు ఒకటి యగుట విధివిలాసము. ఊరి చెఱువు అందఱిది. పూడిక తీయుట కెవ్వరును రారు.

ఈ బలహీనతను కనిపెట్టి దెబ్బతీసినవారును కలరు. లినక్సు యంత్రములలో దాదాపు అన్నింటిలోను నుండు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రామును ఒక్కడే, అలసిపోయి, జీతము లేక చూచుకొనుచుండెను. సహాయము చేసెదనని యొకరు వచ్చిరి. రెండేండ్లకు పైగా ఓపికతో మంచి పని చేసి, నమ్మకము సంపాదించి, అధికారము చేతికి వచ్చిన పిమ్మట 2024 ఆరంభమున దొంగతలుపు నొకటి అమర్చిరి. దానిని పనిచేయించు ముఖ్యమైన తునుకను అందఱు చదువుకొను మూలపాఠములో నుంచక, పంచిపెట్టు మూటలో మాత్రమే దాచిరి. తెఱచి చూపిన తాళమునకు వారు భయపడిరనుటకు అదియే సాక్ష్యము. ఆ పేరు వెనుక నున్నదెవరో నేటికిని తేలలేదు. కొన్ని వారములు గడచినచో అది లోకములోని సర్వర్లలో పెక్కింటికి ప్రాకియుండెడిది.

అండ్రెస్ ఫ్రాయిండ్ అను జర్మను ఇంజనీరు అమెరికాలో వేఱేదో పనిమీద నుండి, తన యంత్రములోనికి ప్రవేశించుటకు మునుపటికంటె అర సెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించెను. అర సెకను! మనలో నెవ్వరమైనను కాఫీ గుటక వేసి ఊరకుందుము. ఆతడు ఊరకుండక, ప్రోగ్రామునుండి ప్రోగ్రామునకు మూలపాఠములు తిరుగవేయుచు, అడ్డుచెప్పువాడు లేనందున తుదివఱకు పోయి, 2024 మార్చి 29వ తేదీని తాను చూచినదంతయు లోకమునకు వ్రాసెను.